గడిలో అక్షరం, ఆధారంలో కిటుకు

పిల్లలూ, పేపర్లో రోజూ వచ్చే నలుపు తెలుపు గళ్ళ ఆట మీరు చూసే ఉంటారు. ఇంగ్లీషులో దాన్ని క్రాస్‌వర్డ్ అంటారు, తెలుగులో గడినుడి. ఇందులో క్రిప్టిక్ అనే రకం ఒకటి ఉంది. దాని ప్రశ్న పైకి ఒకటి చెబుతుంది, లోపల ఇంకొకటి దాచుకుంటుంది. దాన్ని ఎలా విప్పాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

కొత్త మాటలు
గడి: ఒక చదరం. చాలా ఉంటే గళ్ళు.
ఆధారం: జవాబు కనిపెట్టడానికి ఇచ్చే వాక్యం.
అడ్డం: ఎడమ నుంచి కుడికి.
నిలువు: పై నుంచి కిందికి.
కిటుకు: ఉపాయం.

1. ఒక గడికి ఒక అక్షరం

ఇంగ్లీషు గడిలో ఒక్కో లెటర్ రాస్తారు. తెలుగులో గుణింతం, ఒత్తు అన్నీ కలిసిన పూర్తి అక్షరం ఒక గడిలోకి వెళ్తుంది. 'అమ్మ'కి రెండు గళ్ళు చాలు: అ, మ్మ. 'విద్యార్థి'కి మూడు: వి, ద్యా, ర్థి. 'స్త్రీ' అనే మాట మొత్తం ఒకే గడిలో కూర్చుంటుంది! ఆధారం చివర (3) అని ఉంటే జవాబుకి మూడు అక్షరాలని అర్థం.

మాట్లాడేటప్పుడు మనం 'కల', 'కళ' ఒకేలా పలికేస్తాం. ఎదుటివాళ్ళు ఎలాగో అర్థం చేసుకుంటారు. గడి అలా ఊరుకోదు. కల నిద్రలో వస్తుంది, కళ నేర్చుకుంటే వస్తుంది. అడ్డంలో ల రాయాల్సిన చోట ళ రాస్తే, అదే గడి మీదుగా వెళ్ళే నిలువు మాట కుదరదు. చెవికి మాత్రమే తెలిసిన మాట చేతికి కూడా తెలియాలి. ఇంట్లో తెలుగు వింటూ, బళ్ళో ఇంగ్లీషు రాసే మీకు ఈ ఆట ఇందుకే పనికొస్తుంది.

2. ఆధారంలో రెండు ముక్కలు

ఇది చూడండి:

అక్షరమాలలో మొదటిది, దాని వెంట సుగ్రీవుడి అన్న: బహ్రెయిన్‌లో ఊరు (3)

అక్షరమాలలో మొదటిది అ. రామాయణంలో సుగ్రీవుడి అన్న వాలి. రెండూ కలిపితే అవాలి! బహ్రెయిన్‌లో 1932లో చమురు దొరికాక, ఆ కంపెనీలో పనిచేసేవాళ్ళ కోసం కట్టిన ఊరు అది.

ఇందులో 'బహ్రెయిన్‌లో ఊరు' అన్నది అర్థం, మిగిలినది మాటల ఆట. మంచి క్రిప్టిక్ ఆధారంలో ఈ రెండూ ఉంటాయి, రెండూ ఒకే జవాబు దగ్గరికి తీసుకెళ్తాయి.

మామూలు ఆధారంతో దీన్ని పోల్చి చూడండి. 'నీళ్ళలో కనిపించేది (2)' అంటే చేప కావచ్చు, నావ కావచ్చు, పాము కూడా కావచ్చు. ఏది సరైనదో ఆ వాక్యం చెప్పలేదు. క్రిప్టిక్ ఆధారం కష్టమే కానీ, జవాబు దొరికాక అదే సరైనదని తనే రుజువు చూపిస్తుంది.

3. తరచుగా వచ్చే కిటుకులు

తిరగేయడం: పలక తిరగబడితే వడ్రంగికి కావలసింది (3)
ప-ల-క వెనక నుంచి చదవండి: క-ల-ప. కలప అంటే బల్లలు, తలుపులు చేసే కర్ర. తెలుగు మాటని ఇంగ్లీషు లెటర్లలో రాసి తిరగేస్తే ఈ ఆట పనిచేయదు, 'అకలప్' అని వస్తుంది! తెలుగులోనే రాసి చూడాలి.

దాచడం: కష్టపడవలసిన బతుకులో దాగి ముత్యాల వేటకి తీసుకెళ్ళేది (3)
'దాగి' అన్న మాట మీకు సైగ చేస్తోంది. కష్ట-పడవ-లసిన. జవాబు పడవ. చమురు దొరకక ముందు బహ్రెయిన్‌లో ఎంతోమంది బతుకు ముత్యాల వేటే. పడవల్లో వెళ్ళి, సముద్రంలో మునిగి ముత్యపు చిప్పలు తెచ్చేవాళ్ళు.

4. ఈ ఆట ఎక్కడిది?

మొదటి క్రాస్‌వర్డ్ 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పేపర్లో వచ్చింది. తయారు చేసినవారు ఆర్థర్ విన్. లండన్ 'టైమ్స్' 1930లో మొదలుపెట్టింది. మన దేశంలో 'ది హిందూ' 1971లో మొదలుపెట్టినప్పుడు ఆధారాలు రాసింది రామ్‌దాస్ కటారి. ఆయన ఎవరో తెలుసా? మన నౌకాదళానికి అధిపతి అయిన మొదటి భారతీయుడు!

తెలుగులో పెద్ద కవులే ఈ ఆట కట్టారు. ఆరుద్ర దీన్ని 'గళ్ళ నుడికట్టు' అన్నారు, శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' అన్నారు.

5. మర్నాడు ఏం చేయాలి?

మర్నాటి పేపర్లో జవాబులు వస్తాయి. టిక్కులు పెట్టేసి వదిలేయకండి. అసలు చదువు అక్కడే ఉంది. ఒక్కో ఆధారానికి మూడు ప్రశ్నలు వేసుకోండి:

క) అర్థం ఏ మాటల్లో ఉంది?
చ) కిటుకు ఏది?
ట) ఏ పనీ లేకుండా మిగిలిపోయిన మాట ఏమైనా ఉందా?

మూడింటికీ జవాబు చెప్పగలిగితేనే ఆ ఆధారం మీకు వచ్చినట్టు. గళ్ళు నిండినా వివరించలేకపోతే అది ఊహ మాత్రమే. మిగిలిపోయిన మాట కనిపిస్తే ఇంకోసారి చూడండి. ఒక్కోసారి తప్పు మీది కాదు, ఆధారం రాసినవాళ్ళదే కావచ్చు.

తెలియని మాట వస్తే అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. సుగ్రీవుడి అన్న ఎవరో వాళ్ళు వెంటనే చెప్తారు. మీకు సాయంత్రం 6 అయితే ఊళ్ళో రాత్రి 8:30, గుర్తుపెట్టుకోండి. వాళ్ళు మాట చెప్తారు, మీరు కిటుకు చెప్పండి. లెక్క సమానం!

అభ్యాసం

1. కడప వెనక్కి తిరిగితే నిద్రపోయే చోటు (3)
2. తెలియకపోతే ఈ పని చెయ్యి: గిన్నె కిందే ఉంది (3)
3. మీ పేరుకో మీ ఊరికో ఒక ఆధారం రాయండి. అర్థం, కిటుకు రెండూ ఉండాలి.

జవాబులు: 1. పడక (క-డ-ప తిరగేస్తే ప-డ-క). 2. అడుగు (ఒక మాటకి రెండు అర్థాలు: ప్రశ్నించు, గిన్నె కింది భాగం). 3. మీ ఆధారాన్ని ఇంట్లో ఒకరికి ఇవ్వండి. వాళ్ళు విప్పి, ఎలా విప్పారో చెప్పగలిగితే మీరు బాగా రాసినట్టే.