కల్లు మానువానికి కసరత్తు ఏల?

«పొద్దంత పసుపు తవ్విన పెయ్యి ఇది. దీనికి మల్ల కసరత్తు దేనికి సారూ?» అని దొంకేశ్వర్ ప్రాంతపు రైతులు మమ్ము అడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. పలుగు పట్టు చేతులకు వ్యాయామమును బోధించుట చేపకు ఈత నేర్పుటవలె కనబడును. అయినను కల్లునకో సారాయికో అలవాటుపడి దానిని మానదలచిన వాని విషయమున పొలము పని వేరు, వ్యాయామము వేరు. ఆ భేదమును, దానికంటె ముందుగా తెలిసికొనవలసిన ఒక ప్రమాదమును ఈ నెల మా సభ్యులకు విన్నవించుచున్నాము.

ప్రమాదమును ముందు చెప్పెదము. మన నిజామాబాదు జిల్లాలో అమ్ముడగు కల్లంతయు చెట్టునుండి దిగినది కాదు. తాటిచెట్లును ఈతచెట్లును తగ్గినవి గాని త్రాగువారు తగ్గలేదు. ఆ కొరతను పూడ్చుటకు కొందరు వ్యాపారులు నీళ్లలో ఆల్ప్రాజోలాము, డైజోఫాము, క్లోరల్ హైడ్రేటు మొదలగు మత్తుమందులను, తీపికై సాకరిన్‌ను కలుపుదురు. చెట్టెక్కి నిజమైన కల్లు దింపు గీతకార్మికుని నిందించుట మా ఉద్దేశము కాదు. ఈ కల్తీ అతని బ్రతుకును కూడ చెరచుచున్నది. ఈ మందులు మెదడును అణచివేయును. నెలల తరబడి అణగియున్న మెదడు ఆ బరువునకు ఎదురు నిలుచుటకై తన ఉద్రేకమును పెంచుకొనును. బరువును ఒక్కసారిగా తీసివేసినచో, పగ్గము తెగిన కోడెవలె అదుపు తప్పును. చేతులు వణకును, నిద్ర పట్టదు, లేనివి కనబడును, పొంతనలేని మాటలు వచ్చును. తుదకు మూర్ఛలు వచ్చి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును.

ఇది ఊహించి వ్రాసినది కాదు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై అధికారులు దాడులు సాగింపగా, దుకాణములలో మత్తు తగ్గినది. అంతట నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలోను, హైదరాబాదులోను జనులు పిచ్చిచూపులతో, వణకుతో, మూర్ఛలతో ఆసుపత్రులకు వచ్చిరి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అనేకులను చేర్చవలసి వచ్చెను. దుకాణము మూయించుట మంచిదే. దానిపై బ్రతుకుచున్న దేహమును గురించి ముందుగా ఆలోచింపకుండుటయే లోపము.

కావున దినదినము కల్లు త్రాగువాడు గాని, సారాయి విడువలేనివాడు గాని, «రేపటినుండి బందు» అని ఒట్టు పెట్టుకొని ఇంట కూర్చుండరాదు. మొదట వైద్యుని చూడవలయును. దినమునకెన్ని సీసాలు, ఎన్ని ఏండ్లనుండి, తుదిసారి త్రాగినదెప్పుడు అను సంగతులను దాచక చెప్పవలయును. వైద్యుడు తగిన మందునిచ్చి, దానిని కొలత ప్రకారము దినక్రమమున తగ్గించును. దూరము పోలేనివారు టెలీ మానస్ అను ప్రభుత్వ సహాయమునకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. మూర్ఛ వచ్చినచో మాత్రము ఫోనుతో కాలము గడుపక 108 బండిని పిలువవలయును. ఆ మొదటి దినములలో వ్యాయామము మందు కాజాలదు. వణకుచున్నవానిని పరుగెత్తించుట, పసుపు ఉడికించు కడాయిల దగ్గరనో, పాలిషు డ్రమ్ముల దగ్గరనో నిలుపుట తెలివిమాలిన పని.

వణకు తగ్గి, అన్నము సహించి, వైద్యుడు సరేయన్న పిదప వ్యాయామమునకు పాలు వచ్చును. ఇచ్చటనే పొలము పనితో భేదము. పసుపు తవ్వకములో నడుము వంగియే యుండును. సాయంకాలమునకు కీళ్లు నొచ్చును. ఆ నొప్పి పోవుటకని కాళ్లు దుకాణమువైపు నడచును. కూలితోపాటు కల్లునకు పైకమిచ్చు వాడుక ఉన్నచోట పనియే త్రాగుడునకు తోవ చూపును. వ్యాయామమన్ననో, ఆ సాయంకాలపు గడియను దుకాణమునుండి లాగుకొనుటకు తానుగా చేయు పని. కోరిక అలవంటిది, లేచును, పెరుగును, కొంతసేపటికి విరుగును. ఆ కొంతసేపు కాళ్లకు పని కల్పించినచో దాటుట సులభము.

పొగత్రాగువారిని పరీక్షించిన ఇంగ్లండు పరిశోధకులు పది పదునైదు నిమిషముల వడినడకతో అప్పటికి కోరిక తగ్గుటను పలుమారులు చూచిరి. మద్యము విషయమున ఫలితములు అంత గట్టివి కావు. దేహబలము, మనస్సు కుదుటపడుట మెరుగైనట్లు కనబడినది గాని, వ్యాయామమొక్కటే త్రాగుడు మాన్పునని తేలలేదు. ఎక్కువ చెప్పి ఆశపెట్టుటకంటె ఉన్నది చెప్పుట మేలు. నిద్రలేమియు గుండెదడయు మానినవానిని మరల సీసా దగ్గరకు లాగుకొనిపోవు రెండు త్రాళ్లు. వాటిని వదులుచేయుటలో నడక పనికివచ్చును.

ఎట్లు చేయవలయును? మొదటి వారమున సాయంకాలము పది నిమిషముల నడక చాలును. చెరువుకట్టమీదనో కాలువగట్టుమీదనో నడువుడు. దుకాణము లేని దారి ఎన్నుకొనుడు. ఒంటరిగా పోవలదు, బావమరదియో కొడుకో తోడుండవలయును. నడచుచు మాటలాడగలిగి పాట పాడలేకున్న, ఆ వడి సరియైనదని గుర్తు. క్రమముగా అరగంటకు పెంచి వారమునకు అయిదు దినములు నడచినచో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు విధించిన 150 నిమిషములు నిండును. దండ బస్కీలు నెల గడచిన పిమ్మట చూడవచ్చును. రక్తపుపోటు, మధుమేహము, రొమ్మునొప్పి కలవారు వైద్యుని అడుగకుండ వడి పెంచరాదు. ఎండకాలమున మిట్టమధ్యాహ్నము నడువరాదు. మజ్జిగయో అంబలియో త్రాగి బయలుదేరుట మంచిది.

స్త్రీల మాట మరువరాదు. మన జిల్లాలో బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రు ప్రొద్దంతయు చాట ముందర కూర్చుండియే యుందురు; వారిలోను కల్లునకు అలవాటుపడినవారు కలరు. వారి దేహమునకు పొలము పనియైనను లేదు. మగవారికంటె వారికే ఈ నడక ఎక్కువ అవసరమని మా అభిప్రాయము. నలుగురు కలిసి బయలుదేరినచో ఎవరికిని సిగ్గుండదు.

మానినవాడు ఒకనాడు జారినచో జరిమానా వేయుట, నలుగురిలో దూషించుట ప్రయోజనము లేని పనులు. మరునాటి సాయంకాలము «రావే తమ్మీ, నడుద్దాం» అని పిలుచుటయే మేలు. మరల కొన్ని దినములు వరుసగా త్రాగియున్నచో, మొదట చెప్పినట్లు వైద్యుని చూచియే మానవలయును.

ఇక సంఘము చేయదగినదొకటి కలదు. పసుపు తవ్వకము జనవరి మొదలు మార్చివరకు సాగి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, సరకు నిజామాబాదు యార్డునకు పోయినపిదప జూనులో విత్తువరకు పని తక్కువ. చేతిలో పైకముండును, చేతికి పనియుండదు; ఏడాదిలో భయపడవలసిన కాలమిదియే. అప్పుడే పసుపు ఆరబోయు కల్లములు కూడ ఖాళీగా నుండును. ఏప్రిలు మొదలు ప్రతి సాయంకాలము అయిదున్నర గంటలనుండి ఏడువరకు ఒక కల్లమును ఊడ్చి చెడుగుడు ఆటకును, నడకకును విడిచియుంచవలసినదని పాలకవర్గమును కోరుచున్నాము. ఒక కుండెడు మంచినీళ్లు, ఒక దీపము చాలును.