జానీ రమ్మన్నా రాని రోబో

మీ పిల్లలు ఎప్పుడైనా టీవీ చూసి ఏడ్చి అన్నం మానేశారా? మా పెద్దాడు మానేశాడు. అదీ ఆవ పెట్టి పనసపొట్టు కూర చేసిన రోజున! ఆ కూరంటే వాడికి ప్రాణం. అలాంటిది కంచం ముందు కూర్చుని ముద్ద కలపడు, కళ్లు తుడుచుకుంటాడు. కడుపునొప్పేమో అనుకుని వాము నూరబోయాను. తీరా అడిగితే ‘రోబో చచ్చిపోయిందమ్మా’ అన్నాడు.

ఇది 1980ల్లో మాట. అప్పట్లో అల్లవరంలో మా వీధి మొత్తానికీ మా ఇంట్లోనే టీవీ ఉండేది. బ్లాక్ అండ్ వైట్‌ది. డాబా మీద పొడుగాటి వెదురు గెడకి యాంటెన్నా కట్టి, బొమ్మ కదిలినప్పుడల్లా మావారు పైకెక్కి తిప్పేవారు. కింద నుంచి పిల్లలు ‘వచ్చింది, వచ్చింది... పోయింది!’ అని కేకలు. దూరదర్శన్‌లో ‘జెయింట్ రోబోట్’ వచ్చే వేళకి మా హాలు నిండిపోయేది. గుమ్మం బయట విప్పిన చెప్పులు చూసి ఊళ్లో వాళ్లు ‘మీ ఇంట్లో ఏదైనా పేరంటమా?’ అనేవారు. సంభాషణలన్నీ ఇంగ్లీషులో. పిల్లలకి ఒక్క ముక్క తెలిసేది కాదు. అయినా కథ మాత్రం పొల్లు పోకుండా చెప్పేవారు!

ఇంతకీ ఆ కథేమిటో మరిచిపోయిన వాళ్ల కోసం చెబుతాను. జానీ సోకో అనే చిన్న పిల్లాడు ఓడలో వెళుతుంటే సముద్రంలోంచి ఓ రాక్షస జంతువు వచ్చి ఓడని ముంచేస్తుంది. జానీ, జెర్రీ అనే యువకుడు ఓ దీవికి కొట్టుకుపోతారు. ఆ దీవి గార్గాయిల్ అనే దుష్టముఠాది. అక్కడ బందీగా ఉన్న ఓ శాస్త్రవేత్త చేత ఆ ముఠా పెద్ద రోబోని తయారు చేయిస్తూ ఉంటుంది. తలమీద ఈజిప్టు రాజుల కిరీటంలాంటిది, చేతివేళ్లలో క్షిపణులు, ఆకాశంలో ఎగిరే శక్తి. దాన్ని నడిపించే యంత్రం చేతిగడియారంలా ఉంటుంది. ఆ గడియారంలో మొదట ఎవరి గొంతు పడితే ఆ రోబో జన్మంతా వాళ్ల మాటే వింటుంది. పడింది మన జానీ గొంతు! జెర్రీ యూనికార్న్ అనే గూఢచారి సంస్థ మనిషి. ఇంకేముంది, జానీ కూడా ఆ సంస్థలో చేరి ‘యూ7’ అనే గూఢచారి అయిపోతాడు. అటు నుంచి గిలెటిన్ చక్రవర్తి అనే గ్రహాంతరవాసి వారానికో రాక్షసిని పంపుతుంటాడు. ఇటు నుంచి జానీ గడియారం నోటి దగ్గర పెట్టుకుని రోబోని పిలుస్తుంటాడు.

ఇది మొదట బొమ్మల కథల పుస్తకంగా పుట్టింది. మన పిల్లలు చందమామ కోసం ఎదురుచూసినట్టే జపాను పిల్లలు బొమ్మల కథల వారపత్రికల కోసం ఎదురు చూసేవారు. అలాంటి ఓ పత్రికలో మిత్సుతెరు యొకొయామా అనే చిత్రకారుడు ఈ కథ గీశారు. 1967 అక్టోబరులో అక్కడ టీవీ సీరియల్‌గా మొదలై 1968 ఏప్రిల్‌లో 26 భాగాలతో ముగిసింది. అందులో కుర్రాడి పేరు డైసాకు. అమెరికా వాళ్లు 1969లో ఇంగ్లీషు మాటలు పెట్టి, పేరు జానీ అని మార్చారు. అలా మారిన పేరుతోనే జానీ మన దూరదర్శన్‌కి, అక్కడి నుంచి మా హాల్లోకి వచ్చాడు.

మా వాడు అన్నం మానేసింది చివరి భాగం చూసిన రోజున. అందులో గిలెటిన్ చక్రవర్తే స్వయంగా కొండంత మనిషై వచ్చి నిలబడతాడు. ‘నా ఒంటినిండా అణుశక్తే. నన్ను కొట్టారా, భూమి మొత్తం పేలిపోతుంది’ అని బెదిరిస్తాడు. కొట్టడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. అప్పుడు రోబో ఎవరూ చెప్పకుండానే కదులుతుంది. చక్రవర్తిని గట్టిగా వాటేసుకుని ఆకాశంలోకి లేచిపోతుంది. జానీకి సంగతి అర్థమై ‘వెనక్కి రా, వెనక్కి రా’ అని గడియారంలో అరుస్తూనే ఉంటాడు. అది రాదు. అంతరిక్షంలో ఓ ఉల్కకి చక్రవర్తిని గుద్దేసి, వాడితో పాటు తనూ ముక్కలైపోతుంది. భూమి బతుకుతుంది. పిల్లాడు ఆకాశంలోకి చూస్తూ ఉండిపోతాడు.

‘అది ఎప్పుడూ జానీ మాట వింటుంది కదమ్మా. మరి రమ్మంటే ఎందుకు రాలేదు?’ అని మా వాడు నన్ను నిలదీశాడు. నాకేం జవాబు తోచలేదు. ‘అంతా ఉత్తుత్తిదేరా, అన్నం తిను’ అన్నాను. పిల్లల్ని ఊరుకోబెట్టడానికి మనందరం అనే మాటే కదండీ!

మా అత్తయ్యగారు మాత్రం అలా అనలేదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కళ్లు కూడా అంతంతమాత్రం. గోడకి చేరగిలబడి కూర్చుని అంతా చూశారు. వాణ్ని దగ్గరికి తీసుకుని, ‘ఒరేయ్ నాన్నా, ఇన్నాళ్లూ అది చెప్పిన పని చేసింది. చెప్పిన పని మరబొమ్మైనా చేస్తుంది. ఇవాళ చెప్పకుండా చేసింది. అందుకే నీకు ఏడుపొచ్చింది’ అన్నారు. వాడికి ఎంత అర్థమైందో గానీ ఆవిడ చేత్తో నాలుగు ముద్దలు తిన్నాడు. నేను గిన్నెలు తోముకుంటూ ఆ మాటే తలుచుకున్నాను. తెల్లారి లేచి మనం చేసే పనుల్లో ఎవరో చెబితే చేసేవి ఎన్నుంటాయి చెప్పండి?

తరువాత ఆ సంగతి మరిచిపోయాను. మళ్లీ గుర్తుకొచ్చింది 1996 నవంబరు 6 రాత్రి. కోనసీమలో ఆ తుపాను రాత్రి గురించి ఎవర్నడిగినా చెబుతారు. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేదు. గాలి హోరుకి పక్కనున్న మనిషి మాట వినపడదు. తలుపుకి బల్ల అడ్డం పెట్టి అందరం ఒక్క గదిలో కూర్చున్నాం. పక్కింటి మామ్మగారిది తాటాకిల్లు, ఒంటరి మనిషి. ‘ఆవిడెలా ఉందో’ అని నేను అన్నానో లేదో నాకే తెలీదు. ఇంటర్ చదువుతున్న మా పెద్దాడు లేచి బల్ల జరిపి బయటికి వెళ్లిపోయాడు.

‘ఒరేయ్, వెళ్లకురా! వెనక్కి రారా!’ అని గొంతు చించుకుని అరిచాను. వాడు వెనక్కి తిరగలేదు. బయట కొబ్బరిచెట్లు విరుగుతున్న చప్పుడు. ఆ కాసేపూ గడియారం పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్న జానీని నేనే. కన్నతల్లి మాట విననివాడు కొడుకేనా అని తిట్టుకున్నాను, ఆ నోటితోనే దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

వాడు తిరిగొచ్చాడు. వీపు మీద మామ్మగారు, ఆవిడ చేతిలో చిన్న బట్టల మూట. వాడి మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. తెల్లారి చూస్తే ఆవిడ ఇల్లు లేదు, మట్టి అరుగు మాత్రం మిగిలింది. పసుపు అద్దుతూ ‘అంత అరిచాను, వినపడలేదా?’ అని కోప్పడ్డాను. ‘వినపడిందమ్మా’ అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. నేనూ ఇంకేం అడగలేదు.

ఇప్పుడు వాడికో కూతురు. సెలవులకి వచ్చినప్పుడు సెల్‌ఫోను నోటి దగ్గర పెట్టుకుని ‘ఆ పాట పెట్టు’ అంటుంది. ఫోను పాట పెడుతుంది. అచ్చం జానీ గడియారమే! అది చూసి నవ్వొచ్చి, మొన్న దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని రోబో కథ మొదలుపెట్టాను. చివరికొచ్చేసరికి దాని కళ్లల్లోనూ నీళ్లు. ‘రమ్మంటే ఎందుకు రాలేదు మామ్మా?’ అంది.

ఈసారి ఉత్తుత్తిదేనని అనలేదు. మా అత్తయ్యగారు చెప్పిన మాటే చెప్పాను. మాట వినే పిల్లలంటే అందరికీ ముద్దే, నాకూనూ. కానీ మనం చెప్పకుండా వాళ్లు చేసిన మంచి పని ఒక్కటి కనపడితే, ‘ఎవరు చెయ్యమన్నారు?’ అని కసిరే ముందు ఒక్క క్షణం ఆగుదాం. ఏమంటారు?