పట్టికలో ఇమడని సరకులు

ఒక దుకాణములో చీరలు, బియ్యము, బల్బులు కలవు. అన్నింటికిని పేరు, ధర ఉండును. కాని చీరకు పొడవు, బియ్యమునకు రకము, బల్బునకు వాట్లు ముఖ్యము. వీనిని కంప్యూటరులో ఎట్లు వ్రాసి ఉంచవలెను?

1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గార్ కాడ్ సమాచారమును పట్టికలుగా అమర్చు పద్ధతిని ప్రతిపాదించెను. అన్ని గుణములకును ఒకే పట్టికలో గడులు కేటాయించినచో చీర వరుసలో వాట్ల గడి ఖాళీగా మిగులును.

అందుచే కొందరు సరకు, గుణము, విలువ అను మూడే నిలువు గడులు పెట్టుదురు. చూచుటకిది ముచ్చటగా నుండును. ఏ క్రొత్త గుణమునైనను చేర్చవచ్చును. చిక్కంతయు తరువాతనే. అంకెలు, మాటలు ఒకే గడిలో ఇమడవలెను గనుక విలువలన్నియు సాధారణముగా అక్షరములుగానే చేరును. వాట్లకెదురుగా "ఎరుపు" అని వ్రాసినను యంత్రము అడ్డు చెప్పదు. అక్షరక్రమమున 100 అనునది 60 కంటె ముందు వచ్చును. కావున 60 వాట్లకు మించిన బల్బులేవని అడిగినచో 100 వాట్ల బల్బు జాబితాలో కనబడదు!

ఇంతకంటె మేలైన మార్గము కలదు. పేరు, ధర మూల పట్టికలో నుంచి, ప్రతి సరకునకు ఒక సంఖ్య నీయవలెను. చీరలకొకటి, బల్బులకొకటి వేరు పట్టికలు పెట్టి, అదే సంఖ్యతో ముడివేయవలెను. అపుడు వాట్ల గడి అంకెలనే అంగీకరించును. క్రొత్త జాతి సరకు వచ్చినపుడెల్ల మరియొక పట్టిక వేయు శ్రమ మాత్రము తప్పదు.