తొలి చేవ్రాలు

మా కేంద్రమునకు వచ్చు జాబులలో యువతీయువకులు వ్రాసిన వానిని రెండు పంక్తులు చదువగనే పోల్చుకొనగలము. పెద్దలు పాటలు కోరుదురు. కార్యక్రమముల వేళలు మారినవని మందలింతురు. చిన్నవారు తమ సంగతులు చెప్పుకొందురు. ఒకరు బ్యాంకులో తమ పేర ఖాతా తెరచితిమని వ్రాయుదురు. ఒకరు పట్టణమున గది తీసికొని తొలిసారి అన్నము వండితిమనియు, అది మాడినను తింటిమనియు వ్రాయుదురు. వేరొకరు మొదటి జీతముతో తల్లికి చీర కొని పంపితిమని వ్రాయుదురు. ఇవి వార్తలలో చదువదగిన విషయములు కావు. అయినను అట్టి జాబు వచ్చిన దినమున మాకు పని తేలికగా తోచును.

మన పూర్వులు బ్రతుకులోని ప్రతి మలుపునకు ఒక వేడుక నేర్పరచిరి. నామకరణము, అన్నప్రాశనము, అక్షరాభ్యాసము, వివాహము, వీనికి ముహూర్తము గలదు, చుట్టములు గలరు, తాంబూలము గలదు. కాని పదునెనిమిదేండ్లు నిండిన నాటినుండి ఇల్లు కట్టుకొని కుదురుకొను నాటివరకు గడచు కాలమున వచ్చు మలుపులకు బాజాభజంత్రీలు లేవు. అవి కచేరీ కిటికీయొద్దను, బ్యాంకు బల్లయొద్దను, పోలింగు కేంద్రములోను సద్దులేక జరిగిపోవును. ఆ మలుపు లన్నిటను ఒక్క పని మాత్రము సమానముగా నుండును. ఎవరో యొకరు కాగితమును ముందునకు జరిపి, ఇచ్చట వ్రాలు చేయుమందురు. కావున ఈ పూట ఆ వ్రాలునుగూర్చియే ముచ్చటింప దలచితిమి.

చేవ్రాలునకు విలువ యెప్పుడు వచ్చును? మన దేశమున 1875 నాటి వయోజనత్వ చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండినవారు మేజరులు. న్యాయస్థానము సంరక్షకుని నియమించిన పిల్లల విషయమున మాత్రము ఆ వయస్సు ఇరువదియొకటిగా నుండెడిది. 1999లో వచ్చిన సవరణ ఆ భేదమును తొలగించినది. మైనరు చేసిన ఒడంబడిక ఒడంబడికయే కాదని 1903లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పెను. కలకత్తాలో మైనరు ఒకడు తన యాస్తిని తాకట్టుపెట్టి అప్పు తీసికొనగా, ఆ తాకట్టు చెల్లదని తేలినది. దీని భావము గమనింపదగినది. పదునెనిమిదవ యేడు నిండుటకు ముందు దినమున చేసిన వ్రాలు సిరాగీత మాత్రమే. మరునాడు అదే చేయి, అదే కలము. కాని ఆ గీత మనిషిని కట్టివేయగలదు.

చట్టము పెద్దరికమును ఒక్కసారిగా ఈయదు. కొంచెము కొంచెముగా నిచ్చును. ఓటు వేయుటకు పదునెనిమిదేండ్లు చాలును. పురుషునకు వివాహము ఇరువదియొకటి నిండిన పిమ్మటనే. శాసనసభకుగాని లోక్‌సభకుగాని పోటీచేయుటకు ఇరువదియైదు, రాజ్యసభకు ముప్పది నిండవలెను. ఈ మెట్లను చూచినప్పుడు, పెద్దవారగుట ఒక్కరాత్రిలో ముగియు పని కాదని చట్టమునకు కూడ తెలియునని మాకు తోచును.

ఓటు సంగతి కొంత వివరింతుము. 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలనాడు ఓటరు వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు. రాజ్యాంగపు అరువదియొకటవ సవరణచే అది పదునెనిమిదికి తగ్గినది; 1989 మార్చి 28 నుండి ఆ సవరణ అమలులోనికి వచ్చినది. మా తండ్రిగారు ఇరువదియొకటి నిండువరకు ఆగవలసి వచ్చెను. మేము ఆగలేదు. 1998 నాటి లోక్‌సభ ఎన్నికలలో, కళాశాల విద్యార్థిగా నుండగనే, మా యూరి బడిలో ఓటు వేసితిమి. పూర్వము జనవరి ఒకటవ తేదీకి వయస్సు నిండినవారికి మాత్రమే ఆ యేటి జాబితాలో చోటుండెడిది. 2022 నుండి జనవరి, ఏప్రిలు, జులై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగును లెక్కకు వచ్చుచున్నవి. కావున మీ యింట పదునేడేండ్లు దాటిన బిడ్డ యుండినచో ఆరవ నంబరు దరఖాస్తును ముందుగనే పంపుకొనవచ్చును.

పోలింగు కేంద్రమున ఓటరు రిజిస్టరులో వ్రాలు చేయించుకొనుటతోపాటు ఎడమచేతి చూపుడువ్రేలికి సిరా పూయుదురు. 1962 సాధారణ ఎన్నికలనుండి వాడుకలో నున్న ఈ సిరా మైసూరులో తయారగును. ఇందులో సిల్వర్ నైట్రేటు అను రజత లవణ ముండును. అది చర్మమునకు పట్టి వెలుతురు సోకగనే నల్లబడును, సబ్బునకు లొంగదు. పైచర్మము రాలి, గోరు పెరిగిన కొలదియే అది పోవును. ఇతర వ్రాలు కాగితముపై నిలిచినచో, ఈ గుర్తు కొన్ని వారములు మన వ్రేలిపైననే నిలుచును. ఆ వ్రేలిని తొలిసారి చూచుకొని మురియని యువకుని మే మెరుగము.

వ్రాలు చేయరానివారి సంగతి యేమి? వ్రాయనేరనివారి గుర్తును సంతకముగనే గ్రహింపవచ్చునని 1897 నాటి సాధారణ నిబంధనల చట్టము చెప్పుచున్నది. మా నాయనమ్మగారు బహుకాలము వ్రేలిముద్రయే వేసిరి. మాది నెల్లూరు జిల్లా. 1990 తరువాత మా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము జరిగినది. రాత్రివేళ గ్రామములలో స్త్రీలకు చదువు చెప్పుచుండిరి. వయస్సు మీరినదైనను మా నాయనమ్మ వెనుక వరుసలో పలకతో కూర్చుండెడివారు. ఆ పాఠములు చదివిన స్త్రీలలో అనేకులు సారాపై తిరుగబడిరి. దూబగుంట గ్రామమునుండి వ్యాపించిన ఆ ఉద్యమము 1992లో రాష్ట్రమంతటను వినవచ్చెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా విక్రయము నిషేధింపబడెను. ఇది చరిత్రకెక్కిన సంగతి. మా యింట జరిగినది అంతకంటె చిన్నది. మా నాయనమ్మ తన పేరు మూడక్షరములు వ్రాయ నేర్చెను.

ఆ తరువాత ఆమె యే కాగితము వచ్చినను మమ్ము పిలిచి, "చదవరా అబ్బయ్యా" అనెడివారు. చదివినచో, "మళ్లీ చదువు" అనెడివారు. రెండవసారి విన్న పిమ్మట గాని కలము పట్టుకొనరు. మాకు విసుగు వచ్చెడిది. ఒకనాడు ఆమెయే కారణము చెప్పిరి. "వేలిముద్ర వేసినన్నాళ్లూ చదివి వినిపించమనడానికి సిగ్గుపడ్డాను. చదువు రానిదానికి వినడం ఎందుకంటారేమోనని. ఇప్పుడు నాకా సిగ్గు లేదు." సిగ్గుచేత ఆమె యెన్ని కాగితములపై వ్రేలి నద్దెనో మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు.

అంతటి గురువు ఇంటనే యున్నను మేము నేర్చుకొనలేదు. ఇరువదిమూడవ యేట, తొలి యుద్యోగమున నున్నప్పుడు, గదిలో తోడుండిన మిత్రుడు చిన్న వ్యాపారము పెట్టదలచి అప్పు తీసికొనెను. సాయంకాలము పూట మూడుచోట్ల వ్రాలు చేయుమని కాగితములు మా ముందుంచిరి. సాక్షిగా చేయుచున్నామని తలచి, చదువకయే చేసితిమి. అది సాక్షిసంతకము కాదు, హామీ. ఈ రెంటికిని గల భేద మిది. సాక్షి, ఎదుటివాడు తన కన్నులయెదుట వ్రాలు చేసెనని మాత్రమే చెప్పును. అప్పుతో వానికి సంబంధము లేదు. హామీదారు, అప్పు తీసికొన్నవాడు చెల్లింపనిచో తాను చెల్లింతునని యొప్పుకొనును. 1872 నాటి ఒప్పందముల చట్టము ప్రకారము, పత్రములో వేరుగా వ్రాసికొననిచో, హామీదారుని బాధ్యత అప్పుదారుని బాధ్యతతో సమానము. మొదట వానిని అడిగి, వానియొద్ద దొరకనిచో తన యొద్దకు రండని హామీదారుడు అనజాలడు.

వ్యాపారము చెడినది. మిత్రుడు ఊరు విడిచెను. నోటీసు మా పేర వచ్చెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు ఆ పత్రమును అప్పుడు మొదటినుండి తుదివరకు చదివితిమి. ఇరువదిరెండు నెలలు మా జీతములో మూడవవంతు దానికే పోయెను. మా తండ్రిగారు మమ్ము మందలింపలేదు. "మీ నాయనమ్మ ఉంటే రెండుసార్లు చదివించేది" అని మాత్రమనిరి. ఆమె అంతకు ముందటి యేడే పోయిరి. ఆ మాటకంటె ఏ మందలింపైనను మాకు తేలికగా నుండెడిది.

ఈ సంగతి చెప్పుకొనుట జాలికొరకు కాదు. తొలి వ్రాలు చేయబోవు బిడ్డలున్న యిండ్లలో పనికివచ్చునని చెప్పుచున్నాము. కాగితమును తుదివరకు చదువవలెను, తెలియని మాటను అడుగవలెను, అడుగుటకు సిగ్గుపడరాదు. ఖాళీలు విడిచిన పత్రముపై వ్రాలు చేయరాదు. క్రింద తేదీ వేయవలెను. నకలు ఒకటి తీసికొని దాచుకొనవలెను. తొందరపెట్టువారియొద్ద మరింత నిదానింపవలెను. నేడు కాగితమే లేని వ్రాలును వచ్చినది. డిజిటల్ సంతకమునకు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము గుర్తింపు నిచ్చినది. సెల్‌ఫోనునకు వచ్చిన ఓటీపీ అంకెలను ఇతరులకు చెప్పుట, వట్టి కాగితముపై వ్రాలు చేసి వారి చేతి కిచ్చుటవంటిదే. మీట నొక్కుట సులభము గనుక అది చిన్న పనియని భ్రమపడరాదు.

తొలి జీతమునాటి వ్రాలు మాత్రము సంతోషము గొల్పునది. జీతమును తల్లిచేతిలో పెట్టుట, దేవునియెదుట నుంచుట, ఇంటివారికి వస్త్రములు కొనుట మన యిండ్లలో నున్న ఆచారము, అది చక్కనిది. ఆ దినముననే జీతపు చీటీనికూడ ఒకసారి చదువుడు. ఉద్యోగుల భవిష్యనిధి యున్నచోట సాధారణముగా మూలవేతనము, కరువుభత్యములపై నూటికి పండ్రెండు వంతున ఉద్యోగి జీతమునుండి పట్టుకొందురు. యజమానియు తన వంతు చేర్చును. తమ తరువాత ఆ సొమ్ము ఎవరికి చెందవలెనో ఆ పేరు వ్రాయవలసిన చోటును పలువురు యువకులు ఖాళీగా విడుచుచుందురు. అచ్చట తల్లి పేరు వ్రాయుట చీర కొనుటవలెనే ప్రేమకు గుర్తు.

తుదకొక మాట. ఈ చిన్న మలుపులు మరపున పడుటకు ఎక్కువకాలము పట్టదు. దినమున కొక పంక్తి వ్రాసికొనినను చాలును. పుదుచ్చేరిలో ఫ్రెంచివారియొద్ద ద్విభాషిగా నుండిన ఆనందరంగ పిళ్ళై 1736 మొదలు 1761 వరకు తమిళమున దినచర్య వ్రాసెను. గవర్నరు డూప్లే రాజ్యతంత్రములతోపాటు ఓడల రాకపోకలును, ఇంటి శుభకార్యములును అందున్నవి. నేడు చరిత్రకారులు ఆ రెంటిని సమముగనే చదువుచున్నారు. గురజాడ అప్పారావుగారును దినచర్యలు వ్రాసికొనిరి. మన మంతటివారము కాకపోవచ్చును. అన్నము మాడిన దినమును, ఖాతా తెరచిన దినమును మనకొరకు మనము వ్రాసికొనుటకు అంతటివార మగుట యవసరము లేదు.

మా నాయనమ్మ పలక మాయొద్ద లేదు. ఆమె వ్రాలు గల భూమిపన్ను రసీదు ఒకటి గలదు. మూడక్షరములలో నడిమిది కొంచెము పైకి లేచియుండును. ఏదైన పత్రముపై వ్రాలు చేయవలసి వచ్చినప్పుడు దానిని తలచుకొందుము; పిదప కాగితమును మొదటినుండి మరల చదువుదుము.