అప్పుల బాధ తెలిసిన దేవుడు

దేవుడికి కష్టాలుంటాయా? పాలమూరు జనాన్ని అడిగితే ఉంటాయనే అంటారు. మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలో, అమ్మాపూర్ దగ్గరి గుట్టల్లో వెలసిన కురుమూర్తి స్వామి కథే అందుకు సాక్ష్యం. పెళ్లికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పు తీరక, వడ్డీ కట్టలేక వేంకటేశ్వరుడు తిరుమల విడిచి ఉత్తర దిక్కుగా నడిచొచ్చాడట. దారిలో కృష్ణమ్మ ఆయనకు పాదుకలిచ్చిందని, ఈ గుట్టల్లోనే సేదతీరాడని స్థలపురాణం చెబుతుంది.

అప్పు, వడ్డీ, ఊరు విడిచిపోవడం. పాలమూరులో వీటిని ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. చాలినంత వాన పడని చెల్క నేలలు, ఎండిపోయే బావులు. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు అందుకుని, ముసలివాళ్లను ఇంటికి కాపలా పెట్టి, మొగుడూ పెళ్లాలు పనికి బయల్దేరేవారు. నాగార్జునసాగర్, శ్రీశైలం ఆనకట్టల దగ్గర మట్టి మోసింది వీళ్లే. ముంబై, పుణెల్లో మేడలు లేపిందీ వీళ్లే. ‘పాలమూరు లేబర్’ అన్నది దేశమంతా తెలిసిన పేరు.

అట్లాంటివాళ్లు దీపావళి దాటగానే సొంతూరి బాట పడతారు. కార్తీకంలో కురుమూర్తి జాతర. చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టి, కొత్త కుండలో దాసంగం వండి స్వామికి నైవేద్యం పెడతారు. ఆత్మకూరు నుంచి స్వామి నగలు ఊరేగింపుగా వస్తాయి. నగల కోసం ఎదురుచూసేవాళ్లూ ఉంటారు గానీ, అసలు తొక్కిసలాటంతా చెప్పుల దగ్గరే!

ఆ చెప్పులనే ఉద్దాలంటారు. చిన్నవడ్డెమాన్ దళితులు ఉపవాస నియమాలతో తోలు కోసి, కుట్టి, వాటిని తయారుచేస్తారు. ఊకచెట్టు వాగు దాటించి గుట్టకు తెస్తారు. జనం ఎగబడి ఉద్దాలను నెత్తికి, వీపుకు తాకించుకుంటారు. అప్పులపాలై కాలినడకన వచ్చిన దేవుడికి కిరీటం కన్నా చెప్పులే ముఖ్యమని ఈ జనానికి ఎవరూ బోధించలేదు. తోలు పనివాళ్లను ఊరవతల ఉంచిన సమాజమే ఆ ఒక్కరోజు తోలును తలకెత్తుకుంటుంది. మిగతా రోజుల సంగతి వేరే చెప్పాలా!

ఇక్కడి భక్తుడు ‘నాకే ఎందుకీ కష్టం?’ అని దేవుణ్ణి నిలదీయడం తక్కువ. తనలాగే తిరిగొచ్చినవాడు గదా అన్న చనువుతో మొక్కుకుంటాడు. మళ్లీ మేస్త్రీ వెంట బస్సెక్కుతాడు.

నల్గొండ వైపు కష్టం వేరు. అది నేలలోనే, తాగే నీళ్లలో కలిసే ఫ్లోరైడ్ రూపంలో ఉంది. నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టులో జడల రామలింగేశ్వరుడి గుట్ట మీద అమావాస్య రాత్రి నిద్ర చేస్తే జబ్బులు నయమవుతాయని నమ్మకం. అక్కడా స్వామి పాదుకలను ఒంటికి తాకించుకుంటారు. మనసుకు అది ఊరటే, కాదనలేం. కానీ ఫ్లోరైడ్ విషయంలో ఆ ఊరట దగ్గరే ఆగిపోతే ముప్పు. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే పళ్లు గారపడతాయి, ఎముకలు వంకర్లు పోతాయి. వంగిన ఎముక ఎన్ని ప్రదక్షిణలు చేసినా నిటారు కాదు. నీళ్లు మారితే మాత్రం ఆ తర్వాత పుట్టే పిల్లల కాళ్లు వంగవు. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. జిల్లాకు ఇదొక చేదు కీర్తి.

నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. నల్గొండ జనం ఆ మాట చెప్పుకుంటూ ఇంట్లో కూర్చోలేదు. కృష్ణా నీళ్లివ్వాలని దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఏళ్లపాటు పోరాడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి వందలమందితో నామినేషన్లు వేయించింది. చివరికి బరిలో నిలిచినవారు 480 మంది! బ్యాలెట్‌ను ఏకంగా పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. మిగతావాళ్లలో దాదాపు అందరికీ డిపాజిట్లు గల్లంతయ్యాయి. పోతాయని తెలిసే కట్టిన డబ్బులవి. అదే ఏడాది పార్లమెంటు చట్టం సవరించి, లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది.