విశాఖ టు శ్రీకాకుళం వన్ డే డ్రైవ్: పొందూరు కూడా చూడాలంటే కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కేయాలి!

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం. మ్యాప్‌లో చూస్తే 110 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. దారంతా జాతీయ రహదారి 16. "రెండు గంటల్లో వెళ్లిపోతాం, మధ్యలో పొందూరులో ఓ చీర కొనేసుకుని, అరసవల్లిలో దర్శనం చేసుకుని, సాయంత్రం కళింగపట్నం బీచ్ చూసి రాత్రికి ఇంటికొచ్చేస్తాం" అని బయల్దేరేవాళ్లు చాలామందే ఉంటారు. తీరా చూస్తే గుడి దగ్గరకు వెళ్లేసరికి తలుపులు మూసి ఉంటాయి. పొందూరు వెళ్లేసరికి షాపు తెరవరు, లేదంటే కట్టేసి ఉంటుంది. ఇక చీకట్లో, అలసటతో, పిల్లల ఏడుపుల మధ్య తిరుగు ప్రయాణం.

ఈ రూట్‌లో సమస్య దూరం కాదు. ఏ చోటికి ఏ టైమ్‌లో వెళ్తున్నామన్నదే అసలు లెక్క. ఆ లెక్క సరిగ్గా వేసుకుంటే ఒక్కరోజులో హాయిగా వెళ్లి రావచ్చు. ఎలాగో చూద్దాం.

టైమ్ ఎక్కడ పోతుంది?

విశాఖ సిటీలోంచి బయటపడటమే మొదటి పరీక్ష. మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ.. ఉదయం ఎనిమిది దాటితే ఈ సిగ్నళ్ల దగ్గరే చాలా సమయం పోతుంది. అదే ఆరు గంటలకల్లా బయల్దేరితే ఆనందపురం వరకు పెద్దగా ఇబ్బంది ఉండదు. అనకాపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లయితే సిటీలోకి రానక్కర్లేదు. పెందుర్తి మీదుగా ఆనందపురం వచ్చే ఆరు వరుసల రోడ్డు ఉంది.

ఆనందపురం దగ్గర ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అక్కడే విజయనగరం దారి విడిపోతుంది. శ్రీకాకుళం వెళ్లేవాళ్లు తగరపువలస వైపు హైవే మీదే ఉండాలి. తర్వాత వరసగా భోగాపురం, నాతవలస, పూసపాటిరేగ, పైడిభీమవరం, రణస్థలం, చిలకపాలెం, ఎచ్చెర్ల. ఆ తర్వాత శ్రీకాకుళం. మధ్యలో టిఫిన్‌కు ఓ అరగంట కలుపుకుంటే మొత్తం రెండున్నర నుంచి మూడు గంటలు అనుకోవాలి.

"కాస్త స్పీడ్‌గా వెళ్తే కలిసొస్తుంది కదా" అంటారా? లెక్క చూడండి. ఖాళీ హైవే 80 కిలోమీటర్లు ఉందనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సరిగ్గా గంట. 100తో వెళ్తే 48 నిమిషాలు. అంటే మిగిలేది 12 నిమిషాలు. అది ఒక్క టీ బ్రేక్‌లో పోతుంది. పైగా ఈ హైవే పక్కన ఊళ్లున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి. పైడిభీమవరం ప్రాంతంలో షిఫ్టులు మారే వేళ బస్సులు, బైకులు, నడిచివెళ్లేవాళ్లు ఒక్కసారిగా రోడ్డెక్కుతారు. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, మీడియన్ గ్యాప్‌లోంచి దూసుకొచ్చే ఆటోలు, రోడ్డు మీద పశువులు కూడా మామూలే. ఆ 12 నిమిషాల కోసం రిస్క్ తీసుకోవడం అనవసరం.

పొద్దున, సాయంత్రం.. సూర్యుడు ఎదురే!

చాలామంది పట్టించుకోని విషయం ఇది. విశాఖ నుంచి శ్రీకాకుళం వైపు రోడ్డు ఈశాన్య దిశగా సాగుతుంది. అంటే ఉదయం వెళ్లేటప్పుడు ఎండ దాదాపు కళ్లలోకే కొడుతుంది. సాయంత్రం వచ్చేటప్పుడు దారి నైరుతి దిశగా ఉంటుంది కాబట్టి దిగిపోతున్న సూర్యుడు మళ్లీ ఎదురుగానే ఉంటాడు. ముందు అద్దం మీద దుమ్ము ఉంటే ఆ వెలుగులో ఎదుటి బండి కూడా సరిగా కనిపించదు. బయల్దేరే ముందు అద్దం లోపలా బయటా తుడుచుకోవాలి. వైపర్ ట్యాంకులో నీళ్లు పోసుకోవాలి. కూలింగ్ గ్లాసెస్ ఉంటే ఫొటోల కోసం బ్యాగులో దాచకుండా డ్రైవర్‌కు ఇవ్వండి.

చలికాలంలో మరో ఇబ్బంది. నవంబరు, డిసెంబరుల్లో ఇక్కడ సాయంత్రం ఐదున్నరలోపే సూర్యుడు అస్తమిస్తాడు. సరిగ్గా ఆ నెలల్లోనే పిక్నిక్‌లు ఎక్కువ. కాబట్టి శ్రీకాకుళం వైపు నుంచి మూడు గంటలకల్లా తిరుగుముఖం పడితే హైవే భాగమంతా దాదాపు వెలుతురులోనే అయిపోతుంది.

పొందూరు ముందా? అరసవల్లి ముందా?

చిలకపాలెం జంక్షన్ శ్రీకాకుళానికి ముందే వస్తుంది. అక్కడి నుంచి ఎడమవైపు లోపలికి పది, పన్నెండు కిలోమీటర్లు వెళ్తే పొందూరు. మ్యాప్ చూసి చాలామంది "దారిలోనే కదా, ముందు పొందూరు చూసేద్దాం" అనుకుంటారు. అక్కడే ప్లాన్ తప్పుతుంది.

ఆరింటికి బయల్దేరినవాళ్లు ఎనిమిదిన్నరకల్లా చిలకపాలెం వస్తారు. ఆ టైమ్‌కు ఖాదీ అమ్మకాల కేంద్రం తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. తెరిచేవరకు కూర్చుని, చీరలు చూసి, శ్రీకాకుళం చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. అప్పటికి గుడులు మధ్యాహ్న విరామానికి మూసేస్తారు. మళ్లీ తెరిచేవరకు ఎండలో పడిగాపులే.

అందుకే క్రమం మార్చాలి. ముందు నేరుగా అరసవల్లి. ఆ తర్వాత తిరుగుదారిలో పొందూరు. ఇలా చేస్తే గుడి ఉదయం పూట అయిపోతుంది, పొందూరుకు పని నడిచే వేళకు చేరతారు.

టైమ్ ప్లాన్ ఇలా ఉంటే బాగుంటుంది:

- ఉదయం 6.00: విశాఖ నుంచి బయల్దేరడం
- 7.15: తగరపువలస దాటాక టిఫిన్, అరగంట
- 9.00: అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనం
- 10.30: శ్రీకాకుళం నుంచి పొందూరుకు
- 11.15: పొందూరు, రెండు గంటలు
- మధ్యాహ్నం 1.30: భోజనం, కాస్త విశ్రాంతి
- 2.30: తిరుగు ప్రయాణం
- సాయంత్రం 5.00, 5.30 మధ్య: విశాఖ

శ్రీకూర్మం కూడా చూడాలంటే శ్రీకాకుళం నుంచి మరో 13 కిలోమీటర్లు. కూర్మావతారంలో స్వామి కొలువైన గుడి, ప్రాకారం గోడల మీద పాత వర్ణచిత్రాలు, ఆవరణలో పెంచే తాబేళ్లు.. పిల్లలకు బాగా నచ్చుతుంది. కానీ దీనికి రానూపోనూ కలిపి రెండు గంటలు పక్కన పెట్టుకోవాలి. అప్పుడు పొందూరు మధ్యాహ్నానికి జరుగుతుంది, ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. ఇక కళింగపట్నం, శాలిహుండం, పలాస జీడిపప్పు.. ఇవన్నీ కలిపితే అది ఒక్కరోజు ట్రిప్ కాదు. శ్రీకాకుళంలో రాత్రి ఆగేలా ప్లాన్ చేసుకోవాల్సిందే.

ఆదివారం వెళ్తున్నారా? ఆగండి!

ఆదివారం సూర్యుడికి ప్రీతికరమైన రోజు. అరసవల్లిలో ఆ రోజు రద్దీ ఎక్కువ. రథసప్తమికైతే చెప్పక్కర్లేదు. పైగా ఆదివారాలు, సెలవు రోజుల్లో పొందూరులో అమ్మకాలు ఉంటాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. వీలైతే మామూలు పనిదినం చూసుకోవడమే మేలు.

ఏటా మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయపు సూర్యకిరణాలు అరసవల్లి గర్భగుడిలో మూలవిరాట్టును తాకుతాయి. మబ్బు పడితే కనిపించవు. సూర్యోదయం వేళ జరిగేది కాబట్టి విశాఖ నుంచి పొద్దున్నే వచ్చి చూడాలనుకోవద్దు. ముందు రోజు రాత్రికే శ్రీకాకుళం చేరాలి. అక్టోబరు 2 గాంధీ జయంతి కూడా. సూర్యకిరణాలు చూసి, ఖాదీ ఊరికి వెళ్లాలనుకునేవాళ్లకు అంతకన్నా మంచి రోజు దొరకదు.

పొందూరులో ఏముంది అంత చూడాల్సింది?

చేనేత వేరు, ఖాదీ వేరు. మగ్గం మీద నేసింది చేనేత. ఆ నూలు మిల్లుది కూడా కావచ్చు. ఖాదీలో మాత్రం నూలు వడకడం కూడా చేత్తోనే జరగాలి. పొందూరు పేరు నిలబడింది ఆ నూలు మీదే.

ఇక్కడ స్థానికంగా పండే కొండపత్తి, ఎర్రపత్తి లాంటివి వాడతారు. పత్తిలోని చెత్తను తీయడానికి, పోగులను సాపు చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా వాడతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి దూది జారితే పోగులు ఒకే వైపుకు సర్దుకుంటాయి. తర్వాత గింజ తీయడం, దూదిని ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం.. అన్నీ చేతిపనులే. ఈ పనంతా తరతరాలుగా ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగానే నడుస్తోంది. వాళ్లలో పట్టుశాలి కుటుంబాల మహిళలే ఎక్కువ.

సన్నదనం ఎంతో తెలియాలంటే కౌంట్ లెక్క చూడాలి. ఒక పౌను, అంటే 454 గ్రాముల నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్ని కౌంట్. 100 కౌంట్ నూలంటే పౌనుకు 84,000 గజాలు. దాదాపు 77 కిలోమీటర్లు! మీరు విశాఖ నుంచి శ్రీకాకుళం వచ్చిన దారిలో సుమారు మూడింట రెండు వంతులు. అరకిలో కూడా లేని దూది నుంచి అంత పొడుగు దారాన్ని, తెగకుండా, చేతి వేళ్లతో తీస్తారు. చీర ధర ఎందుకంత అని అడిగేముందు ఈ లెక్క ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఈ నూలు సన్నదనం గాంధీజీ దృష్టికి వెళ్లిందని, ఆయన కుమారుడు దేవదాస్ గాంధీ స్వయంగా వచ్చి చూశారని ఊళ్లో గర్వంగా చెప్పుకుంటారు. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఇప్పటికీ ఇక్కడ ఖాదీకి కేంద్రం. అయితే వడికే చేతులు మాత్రం తగ్గుతున్నాయి. రోజంతా కూర్చుని వడికినా చేతికొచ్చేది తక్కువ. అందుకే తర్వాతి తరం ఈ పనిలోకి రావడానికి ఇష్టపడటం లేదు. పొందూరు పేరుతో బయట అమ్మే మిల్లు నూలు బట్ట ఆ కొంచెం ఆదాయాన్నీ మింగేస్తోంది.

కొనేటప్పుడు ఇవి చూడండి

- ఖాదీ మార్క్ ట్యాగ్ ఉందో లేదో చూడాలి. ఖాదీ పేరుతో అమ్మే బట్టకు అది ఉండాలి.
- వెలుతురుకు అడ్డంపెట్టి చూస్తే చేతి నూలులో సన్నం, లావు తేడాలు అక్కడక్కడా కనిపిస్తాయి. అది లోపం కాదు, చేత్తో వడికారనడానికి గుర్తు. మరీ గీత గీసినట్టు ఒకేలా ఉంటే అడిగి తెలుసుకోవాలి.
- కౌంట్ ఎంతో అడగండి. కౌంట్ పెరిగే కొద్దీ పని పెరుగుతుంది, ధరా పెరుగుతుంది.
- సంఘం షాపులో బిల్లు తీసుకోవాలి.

రీల్స్ తీసుకునేవాళ్లకు ఒక్క మాట. వడికేది చాలావరకు ఇళ్లల్లోనే. అది వాళ్ల వాకిలి, మన షూటింగ్ స్పాట్ కాదు. ముందు అడగాలి, వద్దంటే ఆగిపోవాలి. వేగంగా కదిలే రాట్నం పక్కకు పిల్లల్ని వదలొద్దు.

టోల్, ఫాస్టాగ్ సంగతేంటి?

ఈ దారిలో నాతవలస దగ్గర టోల్‌ప్లాజా ఉంది. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ముందే చూసుకోవాలి. 2025 నవంబరు 15 నుంచి వచ్చిన నిబంధనలో, పనిచేసే ఫాస్టాగ్ లేకపోతే నగదుకు రెండింతలు అని పెట్టారు. యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు. 24 గంటల్లోపు తిరిగొచ్చేవాళ్లకు రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. తరచూ తిరిగే సొంత కార్లకు 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో వార్షిక పాస్ మొదలైంది. జాతీయ రహదారుల మీద 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది.

భీమిలి మీదుగా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. రుషికొండ, భీమిలి బీచ్ రోడ్డులో వెళ్లి తగరపువలస దగ్గర హైవే ఎక్కొచ్చు. సముద్రం పక్కనే ప్రయాణం కాబట్టి కళ్లకు పండగే. కానీ హైవే కన్నా టైమ్ ఎక్కువ. వెళ్లాలనుకుంటే తెల్లవారుజామునే వెళ్లాలి. సెలవు రోజు సాయంత్రం ఆ రోడ్డులో తిరిగొస్తే బీచ్ జనంలో ఇరుక్కుంటారు.

వాతావరణం, కారు లేనివాళ్లు

అక్టోబరు, నవంబరు తుపాన్ల సీజన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను ఎలా దెబ్బతీశాయో ఈ ప్రాంతంవాళ్లకు చెప్పక్కర్లేదు. వాయుగుండం అన్న మాట వినిపిస్తే ట్రిప్ వాయిదా వేయడమే తెలివైన పని. సంక్రాంతికి ముందు విశాఖ నుంచి శ్రీకాకుళం వైపు, పండగయ్యాక ఇటువైపు రద్దీ విపరీతం.

కారు లేకపోయినా పర్లేదు. విశాఖ నుంచి శ్రీకాకుళానికి ఆర్టీసీ బస్సులు తరచూ ఉంటాయి. పొందూరుకు హౌరా-చెన్నై మెయిన్‌లైన్‌లో రైల్వే స్టేషన్ కూడా ఉంది. అయితే అన్ని రైళ్లూ ఆగవు, టైమ్ చూసుకోవాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగితే సిటీకి మళ్లీ బస్సో ఆటోనో పట్టుకోవాలి.

మొత్తం తిరుగుడు కలిపి 250 కిలోమీటర్లు దాటుతుంది. డ్రైవింగ్ తెలిసినవాళ్లు ఇద్దరుంటే మార్చుకుంటూ రావచ్చు. ఒక్కరే అయితే లిస్టులోంచి ఒక చోటు తీసేయండి. తీసేసింది ఇంకోసారి చూడొచ్చు. శ్రీకాకుళం ఎక్కడికీ పోదు, వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది.