పేర్ల పట్టీలో లేని పావువంతు

73 గుడారాలు, 55 చోట్లు, మూడేళ్లు. 2003లో మొదలుపెట్టి 2006 దాకా స్వీడన్‌లో పరిశోధకులు, వాలంటీర్లు కలిసి గుడారాల్లాంటి గుడ్డ ఉచ్చులతో పురుగుల్ని పట్టారు. దక్షిణాన సాగుభూముల నుంచి ఉత్తరాన ఆర్కిటిక్ వలయం దాటి, లాప్‌లాండ్‌లోని పాత స్ప్రూస్ అడవుల దాకా ఆ గుడారాలు నిలబడ్డాయి. వాటిలో పడ్డ పురుగులు సుమారు 2 కోట్లని అంచనా.

2 కోట్లంటే ఎంతో ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఒక్కో పురుగును చూసి, అది ఏ కుప్పలోకి పోవాలో తేల్చడానికి 10 సెకన్లు చాలనుకుందాం. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు ఒక్క మనిషే కూర్చుని పనిచేస్తే 23 ఏళ్లు పడుతుంది. అదీ ఈగలు ఒక పక్కకు, కందిరీగలు ఒక పక్కకు వేరుచేయడానికే. అది ఏ ఈగ, ఏ కందిరీగ అన్న ప్రశ్న అప్పటికింకా మొదలే కాదు. నిజంగా జరిగిందీ దీనికి దగ్గరలోనే ఉంది. ఓలాండ్ దీవిలోని స్టేషన్ లిన్నే అనే పరిశోధన కేంద్రం ఆధారంగా, శిక్షణ పొందిన మనుషులు 15 ఏళ్లపాటు వాటిని చేత్తో ఏరి 300కు పైగా వర్గాలుగా విడదీశారు.

ఈ గుడారం వెనక మనకు దగ్గరి కథ ఒకటుంది. దాన్ని కనిపెట్టింది రెనె మలేజ్ అనే స్వీడన్ కీటక శాస్త్రవేత్త. ప్రయాణాల్లో డేరా వేసుకుని పడుకున్నప్పుడు ఆయన ఒక సంగతి గమనించారు. లోపలికొచ్చిన పురుగులు తెరిచిన వాకిలి వైపు పోవు, పైకే ఎగబాకుతాయి. ఒకసారి డేరా పైమూలన చిన్న చిరుగు పడితే, లోపలున్నవన్నీ ఆ చిరుగులోంచే బయటపడ్డాయి. ఆ చిరుగు దగ్గర ఒక సీసా కడితే సరిపోతుంది కదా అనుకున్నారు. 1930లలో బర్మా అడవుల్లో ఆ ఆలోచనను పరీక్షించి, 1937లో అచ్చులో వివరించారు. మన కోస్తా జిల్లాల కూలీలు ఓడలెక్కి రంగం (రంగూన్) వెళ్లొస్తున్న రోజులవి. అదే బర్మాలో పనిచేసి చూపిన గుడ్డ గుడారం, ఈ రోజు ప్రపంచమంతటా కీటకాల సర్వేలకు మొదటి పనిముట్టు.

ఇంత శ్రమ స్వీడన్‌లోనే ఎందుకు పడాలి? ప్రాణులకు రెండు పదాల శాస్త్రీయ నామం పెట్టే పద్ధతి పుట్టిల్లు అదే. జంతువుల పేర్లకు ఈ రోజుకీ 1758నే మొదటి ఏడాదిగా లెక్కిస్తారు. కార్ల్ లిన్నేయస్ రాసిన 'సిస్టమా నాచురే' పదో కూర్పు వచ్చిన ఏడాది అది. ఆయన తర్వాత తరతరాలుగా స్వీడన్ వాళ్లు పురుగుల్ని సేకరించి, సూదికి గుచ్చి, పేర్లు రాస్తూనే ఉన్నారు. లాప్‌లాండ్ కీటకాల మీదే సెటర్‌స్టెట్ అనే పండితుడు 1838, 1840 మధ్య ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. ప్రపంచంలో కీటకాల సంగతి బాగా తెలిసిన దేశం ఏదంటే, స్వీడన్ పేరు మొదటి వరుసలో ఉంటుంది.

అలాంటి దేశంలో తేలిన లెక్క ఇది. ఈ గుడారాల సర్వే ఆధారంగా ఫ్రెడ్రిక్ రోన్‌క్విస్ట్ అనే జీవశాస్త్రవేత్త బృందం 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం స్వీడన్‌లో ఉన్న కీటక జాతులు సుమారు 33,000. వాటిలో 8,600, అంటే 26 శాతం, సర్వే మొదలయ్యే నాటికి స్వీడన్ జాబితాలో లేవు. సర్వే సాగుతుండగా 3,000కు పైగా దొరికాయి. అందులో 301 ప్రపంచానికే కొత్తవి. ఇంకో 5,000 అప్పటికి స్వీడన్‌లో ఎవరి కంటా పడలేదు.

పడనివాటిని ఎలా లెక్కపెట్టారని మీకు అనుమానం రావచ్చు. రావాల్సిందే. చెరువులో వల వేశామనుకోండి. పడ్డ ప్రతి రకం చేపా పదులకొద్దీ ఉంటే, ఆ చెరువులోని రకాలు దాదాపు అన్నీ చేతికి చిక్కినట్టే. అలా కాకుండా, చాలా రకాల్లో ఒక్కొక్క చేపే పడితే, ఒక్కటి కూడా పడని రకాలు నీళ్లలో ఇంకా చాలా ఉన్నాయని అర్థం. ఒంటరిగా పడ్డవాటి సంఖ్య నుంచి పడనివాటి సంఖ్యను అంచనా కడతారు. దీనికి తోడు ఇంకో రెండు దారుల్లోనూ లెక్క వేశారు. ఒక్కో వర్గంలో ఏళ్ల తరబడి పనిచేసిన నిపుణుల అంచనా ఒకటి, పట్టుబడ్డవాటిలో కొత్తవాటి నిష్పత్తి ఒకటి. మూడు దారులూ దగ్గరదగ్గరగా ఒకే చోటికి చేరాయి. అందుకే ఆ 33,000ను నేను నమ్ముతాను.

1758 నుంచి 2003 దాకా 245 ఏళ్లు. అప్పటికి తెలిసినవి 24,400. ఏడాదికి సగటున 100 జాతులు. అదే వేగంతో నడిస్తే మిగిలిన 5,000కు మరో 50 ఏళ్లు పడుతుంది.

ఈ అంకెల్లో అసలు విషయం ఎన్ని దొరకలేదన్నది కాదు, ఏవి దొరకలేదన్నది. సీతాకోకచిలుకలు, పెంకు పురుగులు, తూనీగలు ఎప్పుడో లెక్కకెక్కాయి. మిగిలిపోయినవాటిలో ఎక్కువ భాగం రెండు కుదుళ్లవే. ఒకటి ఈగలు, దోమలు ఉండే కుదురు. రెండోది కందిరీగలది. వాటిలోనూ కుళ్లినవాటిని తిని మట్టిలో కలిపేవి, ఇతర పురుగుల ఒంట్లో గుడ్లుపెట్టి వాటిని అదుపులో ఉంచేవే ఎక్కువ. అంటే అడవిలో ఎక్కువ పని చేసేవాటి పేర్లే మనకు తక్కువ తెలుసు.

1732లో లిన్నేయస్ పాతికేళ్ల వయసులో లాప్‌లాండ్ వెళ్లారు. అక్కడి సామీ ప్రజల రెయిన్‌డీర్ మందలు ఒక ఈగను చూసి బెదిరి పరుగులు తీయడం ఆయన దృష్టిలో పడింది. ఆ ఈగ రెయిన్‌డీర్ వెంట్రుకల మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు తోలు తొలుచుకుని లోపలికి దిగి, చలికాలమంతా వీపు చర్మం కింద పెరుగుతాయి. దానికి 1758లోనే పేరు పడింది. మనుషుల బతుక్కి అడ్డం వచ్చింది కనుక వెంటనే కంటపడింది. అదే అడవిలో, అదే రోజున, పడిపోయిన చెట్టు బోదె కింద బూజు తింటున్న రెండు మిల్లీమీటర్ల దోమలాంటి పురుగుకు పేరు రావడానికి రెండున్నర శతాబ్దాలకు పైగా ఆగాల్సి వచ్చింది.

ఆ పురుగు చుట్టం ఒకటి మన రైతులకు బాగా తెలుసు: వరిలో ఉల్లికోడు. పిలక లోపల చేరి, దాన్ని ఉల్లాకు గొట్టంలా మార్చేస్తుంది. ఆ పిలకకు ఇక వెన్ను రాదు. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన జేమ్స్ వుడ్-మేసన్ 1889లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. రైతుకు నష్టం చేసింది కనుక దానికి తెలుగులోనూ పేరుంది, లాటిన్‌లోనూ పేరుంది. దాని కుటుంబం పేరు సెసిడోమైడే. మొక్కల మీద కంతులు లేపే జాతుల వల్ల కుటుంబానికి ఆ గుర్తింపు వచ్చింది కానీ, ఉత్తరాది అడవుల్లో కంతుల జోలికే పోకుండా పుట్టగొడుగులు, బూజు, కుళ్లిన చెక్క మీద బతికేవి దండిగా ఉన్నాయి.

వాటి మీదే మథియాస్ యాష్‌హోఫ్, కాట్రిన్ యాష్‌హోఫ్ దంపతులు స్వీడన్‌లో ఏళ్లుగా పనిచేస్తున్నారు. అక్కడే, ఆర్కిటిక్ వలయానికి ఎగువన, ముద్దుస్ జాతీయవనం ఉంది. మనిషి గొడ్డలి పెద్దగా పడని స్ప్రూస్, పైన్ అడవి, మధ్యలో బురద నేలలు. అలాంటి చోట పడిన పట్టును చూస్తే మొదట ఏమీ అర్థం కాదు. స్పిరిట్ సీసా అడుగున తడిసిన టీపొడిలా గోధుమరంగు ముద్ద. దాన్ని పళ్లెంలో పోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, సన్నని పట్టకారుతో విడదీయాలి. అప్పుడు కనిపిస్తాయి: పూసలు గుచ్చిన దారంలా మీసాలు, నాలుగైదు ఈనెలు మాత్రమే ఉన్న వెంట్రుకల రెక్కలు, ఒంటికి మించిన పొడవుతో కాళ్లు. రెండు జాతుల్ని పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి. తేడా ఎక్కువగా మగపురుగు తోక కొసన, జత కట్టే అవయవంలో ఉంటుంది. ఆ కొసను పారదర్శకంగా చేసి, కెనడా బాల్సమ్ అనే చెట్టు బంకలో అద్దపు పలక మీద నిలబెట్టి, బొమ్మ గీసి, తెలిసిన జాతులన్నిటితో పోల్చాలి. ఇంత చేస్తే ఒక్క జాతి.

కంటపడని జాతుల లెక్కను కెనడాలో వేసి చూస్తే అంకెలు ఇంకా పెరుగుతాయి. గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హీబర్ట్ 2003లో డీఎన్‌ఏ బార్‌కోడ్ పద్ధతిని ప్రతిపాదించారు. ప్రతి జంతు కణంలోనూ ఉండే ఒక జన్యువులోంచి సుమారు 650 అక్షరాల ముక్కను చదివి, దాన్ని బట్టి జాతిని గుర్తించడం ఆ పద్ధతి. 2016లో ఆయన బృందం కెనడాలో పట్టిన 10 లక్షలకు పైగా కీటకాల బార్‌కోడ్‌లను విశ్లేషించింది. 46,937 వేర్వేరు గుంపులు తేలాయి. వాటిలో మూడింట రెండు వంతులు మళ్లీ ఈగలు, కందిరీగల కుదుళ్లవే. కెనడాలో 54,000 కీటక జాతులు ఉంటాయన్న పాత అంచనా కనీసం 94,000కు పెరిగింది.

ఒక్క ఉల్లికోడు కుటుంబంలోనే అక్కడ 16,000 జాతులు ఉండవచ్చని తేల్చారు. ముందు అనుకున్నదానికి పది రెట్లు. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో ఇప్పటిదాకా పేరున్న జాతులు సుమారు 6,600. అంటే ఒక్క చలిదేశంలో ఉన్నాయంటున్న జాతులే, లోకమంతా కలిపి మనం పేరుపెట్టినవాటికి రెండింతలకు పైగా! తెలిసిన జాతుల్లో కెనడా వాటా దాదాపు ఒక శాతం. ఆ నిష్పత్తి తెలియనివాటికీ నిలిస్తే భూమి మీద కీటక జాతులు కోటి, అందులో ఈ కుటుంబానివి సుమారు 18 లక్షలు ఉండాలని ఆ బృందం అంచనా. ఈ ఆఖరి అంకెను మాత్రం కొంచెం జాగ్రత్తగా పట్టుకోవాలి. ఒక దేశపు వాటాను చూసి లోకాన్ని లెక్కగట్టడం, ఒక మడి చూసి జిల్లా దిగుబడి చెప్పినట్టే.

ఇంకో సందేహం కూడా న్యాయమైనదే. బార్‌కోడ్ గుంపు, జాతి ఒకటేనా? దీన్ని నేరుగా పరీక్షించిన పని స్వీడన్ పురుగుల మీదే జరిగింది. ఎమిలీ హార్టప్, సహచరులు ఫోరిడే కుటుంబానికి చెందిన 18,000 గూని ఈగల్ని తీసుకున్నారు. ఒక్కోదాని జన్యువులో 313 అక్షరాలు చదివి, 315 గుంపులు చేశారు. తర్వాత 1,039 ఈగల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆ గుంపులతో సరిపోల్చారు. 89 శాతం దాకా సరిపోయాయి. సరిపోనివి ఏవో ముందే పసిగట్టే సూచనలు కూడా దొరికాయి. ఆ సూచనల్ని పాటిస్తే 915 ఈగల్ని చూసినా చాలునని తేలింది. 18,000లో 915, అంటే వందకు ఐదు.

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆశ కలిగించిన అంకె ఇదే. మనిషి కన్ను అక్కర్లేదని అది చెప్పడం లేదు. ఆ కన్ను ఏ ఐదింటి మీద పడాలో చెబుతోంది. మిగతా తొంభై అయిదింటిని ఏరే పని జన్యువును చదివే యంత్రానికి వదిలేస్తే, జత కట్టే అవయవాల బొమ్మ గీయగలిగిన మనిషి జీవితకాలంలో పదుల బదులు వందల జాతులు తేల్చవచ్చు. కష్టమల్లా అలాంటి మనుషులు కొద్దిమందే ఉండటం. యంత్రం వారంలో చదివిన గుంపుకు పేరు పడాలంటే, ఆ కుటుంబం మీద పదేళ్లు కూర్చున్న ఒకరు ఉండాలి. కొన్ని కుటుంబాలకు ప్రపంచం మొత్తం మీద అలాంటివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పేరు పడేదాకా ఆ పురుగుకు ఉండే ఆధారం ఒక చిన్న కాగితం ముక్క. స్టేషన్ లిన్నే నుంచి నిపుణులకు వెళ్లే ప్రతి సీసాలోనూ అది ఉంటుంది. ఏ సీమ, ఏ వనం, ఎన్నో నంబరు గుడారం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. ముద్దుస్ ఉన్న లూలె లాప్‌మార్క్ సీమ అడవిలో 2004 వేసవిలో పడ్డ ఒక దోమ పట్టుబడ్డ చోటు, పట్టుబడ్డ కాలం ఆ చీటీ మీద ఉంటాయి. జాతి పేరు రాయాల్సిన చోటు ఖాళీ.